కన్ను తెరవని గుడ్లగూబ

తిరుపతిలో పటాలు రాసే కుప్పయ్య గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. మా చిత్తూరులో ఒక పెద్దమనిషికి పంటినొప్పి తగ్గితే సన్మానపత్రం అచ్చు వేయిస్తారు. నేను పనిచేసే అచ్చాఫీసులో అట్లాంటివి వారానికి రెండయినా దిద్దుతుంటాను. "దయాసముద్రులు" అనే మాటకు అక్షరాలు విడదీయకుండా దారంతో కట్టి ఒక మూల పెట్టుకున్నాము. ఎప్పుడూ ఎవరికో ఒకరికి పనికివస్తుంది. కుప్పయ్యకు సన్మానం జరగదు. కనుక ఆయన సంగతి నేను రాస్తున్నాను. రాయడానికి ఇంకొక కారణం కూడా ఉంది. అది వచ్చిన చోట చెబుతాను.

కుప్పయ్యకు యాభై రెండేళ్ళు. గోవిందరాజుల గుడి వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో పటాలు, వెనకగదిలో పొయ్యి, భార్య మునెమ్మ. అట్టముక్క మీద సుద్దా బంకా కలిపి మెత్తగా పూత పూయడం, అది ఆరాక స్వామిని, అమ్మవారిని, గరుత్మంతుణ్ణి రాయడం ఆయన పని. రంగు గట్టిగా పూస్తాడు. గోకితే గోరు కిందికి రంగు రావాలి. యాత్రికులు అట్లాగే కొంటారు. పల్చటి రంగు వేసిన దేవుడు పల్చటి వరాలే ఇస్తాడని వాళ్ళ నమ్మకం కాబోలు. పటం మీద రాసినవాడి పేరు ఉండదు. ముప్ఫై అయిదేళ్ళుగా వేల ఇళ్ళలో కుప్పయ్య చేతి దేవుళ్ళు హారతులు అందుకుంటున్నారు. ఆ ఇళ్ళలో ఒక్కరికీ కుప్పయ్య ఎవరో తెలియదు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. పటమంతా పూర్తిచేస్తాడు, కళ్ళు మాత్రం పెట్టడు. కళ్ళ చోట తెల్లగా వదిలేసి, పైన గుడ్డ కప్పి, గోడకు తిప్పి పెడతాడు. మంచిరోజు చూసుకొని, తెల్లవారి తలకు స్నానం చేసి, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూచొని, అప్పుడు కళ్ళు దిద్దుతాడు. దీనికి "కన్ను తెరిచేది" అని పేరు. ఆ సమయంలో ఎదురుగా ఎవరూ ఉండకూడదు. కన్ను తెరవని పటం గడప దాటకూడదు. ఆయన నాయన అట్లా చేసినాడు, తాత అట్లా చేసినాడు. స్వామి కళ్ళు సగం నామం కిందే ఉంటాయి గదా, ఇంత రభస దేనికని నేను ఒకసారి అడిగితే, "మిగిలిన సగం కనపడతా ఉండాది గదప్పా" అన్నాడు. 

ఇట్లాంటి మనిషి దగ్గరికి పిల్లల బొమ్మల పుస్తకం రావడానికి కారకుడు జయరావు అయివారు. చిత్తూరు మిషన్ బడిలో మూడో తరగతికి చదువు చెబుతారు. స్వతంత్రం వచ్చిన ఏడు దొరసాని ఒకామె ఊరు వదిలి వెళ్తూ తన సామానంతా పంచిపెట్టింది. కుర్చీలూ మంచాలూ ఎవరెవరికో పోయాయి. అయివారికి ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం దక్కింది. వానలో ఒక బాతు ఊరంతా తిరిగే కథ. బొమ్మలన్నీ నీటిరంగులు. అయివారు ఆ పుస్తకాన్ని బడికి తీసుకుపోతే పిల్లలు పాఠం మానేసి, చేతులు కట్టుకొని, ఆ బాతునే చూస్తూ కూచున్నారట. కదలకుండా కూచోమని ఆయన పన్నెండేళ్ళుగా బెత్తంతో చెబుతున్న సంగతి ఆ బాతు ఒక్కరోజులో సాధించింది. ఇట్లాంటి పుస్తకం మన పిల్లలకు మన భాషలో ఎందుకుండగూడదని ఆయనకు పట్టుకుంది.

మా అచ్చాఫీసు యజమాని ధనంజయ నాయుడు వెంటనే ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ప్రతి సభలోనూ రేపటి పౌరుల మీద ఉపన్యాసాలు జరుగుతున్నాయి. ఒక పుస్తకం వేస్తే తననూ వేదిక మీదికి పిలుస్తారని ఆయన అంచనా. పుస్తకం పేరు "కొండ కింద జీవాలు". ఎనిమిది బొమ్మలు: కాకి, ఉడుత, గాడిద, మేక, కోతి, ముంగిస, దూడ, గుడ్లగూబ. ఒక్కొక్క జీవం కింద అయివారు స్వయంగా రాసిన నాలుగు పాదాలు. వాటి గురించి నేను ఏమీ అనను. ఆయన మంచివాడు.

బొమ్మలకు మద్రాసు చిత్రకారుణ్ణి అడిగితే, గాడిదలు గీయడం తన స్థాయికి తగదని జాబు రాశాడు. అప్పుడు నాయుడికి కుప్పయ్య గుర్తొచ్చాడు. అయివారూ నేనూ బాతు పుస్తకం పట్టుకొని తిరుపతి వెళ్ళాము.

కుప్పయ్య పుస్తకం తెరిచాడు. మొదటి బొమ్మ మీద వేలు పెట్టాడు. వేలు తీసి చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు.

"ఏమి సూస్తా ఉండావు?" అంది మునెమ్మ గడపలోంచి.

"ఆరలేదేమో అనుకున్నా."

"అచ్చేసిన పుస్తకమయ్యా అది," అన్నారు అయివారు.

"తెలుస్తాండాది. అయినా తడిగా ఉండాది సూడండి." పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. "అయివారూ, బాతు యాడుండాది?"

"అదుగో, ముందరే ఉందిగా!"

"అది కాయితం గదా. తెలుపు పుయ్యనే లేదు. సుట్టూ నీళ్ళు పూసినాడు, వాన పూసినాడు, బాతును మాత్రం పుయ్యకండా ఇడిసిపెట్టినాడు. బాతు దానంతట అదే వచ్చి కూసునింది." కాసేపు చూసి, "దొంగ నాయాలు" అన్నాడు. అంత భక్తిగా ఆ మాట అనడం నేను మరెక్కడా వినలేదు.

అయివారు తన పద్యాలు చదవబోయారు. కుప్పయ్య వినలేదు. వానలో గొడుగు అంచు దగ్గర రంగు ఎట్లా కరిగిపోయిందో చూస్తున్నాడు. ఎక్కడ ఆకాశం అయిపోయి ఎక్కడ గొడుగు మొదలైందో గీత కనిపించలేదు. ఆయన జీవితమంతా గీత గీసి, గీత లోపల రంగు పూసినవాడు. గీత లేకుండా కూడా ఒక వస్తువు నిలబడుతుందని ఆ పూట తెలిసింది.

"పుస్తకం మీద మీ పేరు కూడా వేస్తాము" అన్నాను నేను.

"నా పేరా? దేనికి?"

"బొమ్మలు వేసినవాళ్ళ పేరు వేయడం పద్ధతి."

మునెమ్మ నవ్వింది. "రేషను కార్డు మీద తప్ప ఆయప్ప పేరు యాడా ల్యా. ఆడ గూడా తప్పు రాసినారు."

ఆయన నవ్వలేదు. "ఎట్లుంటాది, ఒకసారి రాసి సూపించు" అన్నాడు. మరుసటి వారం నేను అచ్చాఫీసులో పెద్ద అక్షరాలు కూర్చి "బొమ్మలు: తిరుపతి కుప్పయ్య" అని ఒక ముక్క మీద అచ్చొత్తి పంపాను. ఆయన దాన్ని పొయ్యి పక్క గూట్లో దేవుడి ముందు పెట్టాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో పనికి ఒక కొత్త భయం వచ్చింది. దేవుడి పటం బాగా లేకపోతే దేవుడే చూసుకుంటాడు. ఈ బొమ్మలు బాగా లేకపోతే కుప్పయ్య బాగా లేడని నలుగురూ చదువుతారు.

నీటిరంగులు నేర్చుకోవడానికి ఆయనకు తొమ్మిది నెలలు పట్టింది. మద్రాసు నుంచి రేకు పెట్టెలో రంగుబిళ్ళలు తెప్పించాము. మొదటి కాకి నల్లటి నామఫలకం లాగా వచ్చింది. అలవాటు కొద్దీ సుద్ద పూసి, దాని మీద నలుపు పట్టించి, చుట్టూ గీత గీసేశాడు. అయివారు చూసి, "కుప్పయ్యా, ఇది ఎగరదు" అన్నారు. అయివారు ఖచ్చితంగా మాట్లాడింది ఆ ఒక్క రోజే.

అప్పట్లో కాగితం మీద సర్కారు కంట్రోలు. మంచి కాగితం కావాలంటే నాయుడు మూడు ఆఫీసుల్లో నిలబడాలి. అట్లా వచ్చిన కాగితాలు ఎన్నో కుప్పయ్య చేతిలో మురికిగుడ్డలైపోయాయి. నీళ్ళు ఎక్కువైతే రంగు పారిపోతుంది. తక్కువైతే అంచు కట్టి మరక అవుతుంది. ఒకసారి వేసింది చెరపడానికి లేదు, పైన ఇంకొకటి కప్పడానికి లేదు. "ఇది రంగు కాదబ్బా, అత్తగారు" అని నాతో అన్నాడు. "ఒకసారి నోరు జారితే అయిపోయె."

మార్గశిరంలో ఒక ఉదయం కొండ మొదట్లో మంచు దిగి, చెట్లు సగం దాకా మాయమైపోయాయి. కుప్పయ్య కాగితాన్ని ముందే తడిపేసి, ఆ తడి మీద బూడిదరంగు ఒక్క చుక్క వదిలాడు. చుక్క తనంతట తాను నడుచుకుంటూ పోయి గాడిద కడుపైంది. ఆయన కుంచె ఎత్తి పట్టుకొని అట్లాగే ఉండిపోయాడట. ఆ గాడిదను నేను చూశాను. దాని వీపు మీద పొద్దుటి చలి కనిపిస్తుంది. ఉడుత వీపు మీది చారలకు రంగు వేయలేదు, కాగితాన్నే చారలుగా వదిలాడు. మేక చెవి ఎండకు ఎదురుగా ఎర్రగా వెలుగుతుంది. గుడ్లగూబ ఒళ్ళంతా గోధుమరంగులు ఒకదానిలో ఒకటి కరిగి, ఊదితే ఈకలు లేస్తాయేమో అన్నట్టు ఉంటుంది. బొమ్మ మీదికి వంగి చూసే పిల్లవాడికి అందులో కొంత తన పని మిగిలి ఉంటుంది. మిగిలిన ఈకలు వాడే చూసుకోవాలి. గట్టిరంగు బొమ్మ అంతా తానే చెప్పేస్తుంది, మా ఊరి ఉపన్యాసకుల లాగా.

నాయుడు మాత్రం గాడిదను చూసి, "రంగు ఇంత పల్చగా ఉండాదే, మిగిలించుకున్నావా ఏంది?" అన్నాడు.

ఇప్పుడు ఆ రెండో కారణం చెప్పాలి.

నలభై తొమ్మిది మార్చి ఆఖరుకు ఎనిమిది బొమ్మలూ అయినాయి, కళ్ళు తప్ప. కళ్ళు పెట్టడానికి మంచిరోజు కావాలి. అంతలో శుక్రమూఢం వచ్చింది. శుక్రుడు సూర్యుడి చాటుకు పోయే ఆ రెండు నెలలూ మా వైపు పెళ్ళి ఉండదు, గృహప్రవేశం ఉండదు. కుప్పయ్య లెక్కలో కన్ను తెరవడమూ ఉండదు. కాకికీ గాడిదకూ కూడా అదే లెక్క. ఆయన బొమ్మలు గుడ్డలో చుట్టి గోడకు తిప్పి పెట్టి, కూతురి పురుడని సత్యవేడు వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ మొదట్లో, బొమ్మలకు అచ్చు బ్లాకులు చేసే మద్రాసువాళ్ళ దగ్గర్నుంచి మా వరుస వచ్చిందని జాబు వచ్చింది. ఈ వారం బొమ్మలు అందకపోతే మళ్ళీ దసరా దాకా కుదరదన్నారు. బడులు తెరిచేది జూన్‌లో. నాయుడు నన్ను తిరుపతి తరిమాడు. ఇంట్లో మునెమ్మ ఒక్కతే ఉంది.

"ఆయప్ప వచ్చిందాకా ఉండు నాయనా. ఇంకా కన్ను తెరవల్యా" అంది.

నేను గుడ్డ విప్పి చూశాను. ఎనిమిది జీవాలూ తెల్లటి కళ్ళతో నా వైపు చూస్తున్నాయి. అంటే చూడటం లేదు. ఆ క్షణంలో నాకు చదువు అడ్డం వచ్చింది. నేను బడికి వెళ్ళింది తక్కువ. పొట్లాల కాగితాలతో మొదలుపెట్టి దొరికిందల్లా చదివినవాణ్ణి. నీటిరంగుల్లో తెలుపును పూయరు, వదిలేస్తారు అని అప్పటికి రెండు పత్రికల్లో చదివి ఉన్నాను. బాతును చూసి ఉన్నాను. ఇదీ ఆ కోవలోదే, కుప్పయ్య తెలియకుండానే ఒక గొప్ప నవీన శైలికి చేరుకున్నాడని నాకు తోచింది.

"అమ్మా, ఇవి పూజకు పెట్టే పటాలు కాదు, పుస్తకం బొమ్మలు. ఈ పద్ధతిలో తెల్లగా వదిలేసేదే గొప్ప" అని చెప్పాను.

మునెమ్మ గుడ్లగూబ వైపు చూసింది, నా వైపు చూసింది. "సదువుకున్నోడివి. నువ్వు సెప్తే సరే" అంది.

ఆ ఆడమనిషికి తెలిసినంత కూడా మా ముగ్గురికీ తెలియలేదు. నాయుడు బొమ్మలు చూసి "కళ్ళేవి?" అన్నాడు. నేను నవీన శైలి అన్నాను. ఆయన అయివారి వైపు తిరిగాడు. అయివారికి అట్లాంటి శైలి ఒకటి ఉందని తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేదు. "అవును, అవును. శిశువు ఊహకు వదిలిపెట్టడం" అన్నారు. నాయుడు కూడా ఊహ లేనివాడని అనిపించుకోదలచలేదు. ముగ్గురు చదువుకున్నవాళ్ళు ఒక బల్ల చుట్టూ నిలబడి, కళ్ళు తప్ప మరేమీ ఉండని గుడ్లగూబకు కళ్ళు లేకపోవడం చాలా బాగుందని తీర్మానించారు.

బొమ్మలు మద్రాసు వెళ్ళాయి. అక్కడివాళ్ళు ఏమీ అడగలేదు. ఇచ్చింది ఇచ్చినట్టు రంగుల్లో అచ్చొత్తి వెయ్యి చొప్పున తిప్పి పంపారు. మంచు కొంచెం మురికి పట్టింది గాని గాడిద బతికే ఉంది. పద్యాలూ పేర్ల పుటా మా దగ్గర అచ్చువేసి కుట్టేశాము. "బొమ్మలు: తిరుపతి కుప్పయ్య" అని రెండో పుటలో, నేను కూర్చిన అక్షరాలే.

మే నెలాఖరున మూఢం పోయింది. మూడో రోజు పొద్దున్నే కుప్పయ్య అచ్చాఫీసుకు వచ్చాడు. తల తడిగా ఉంది. చంకలో చిన్న సంచి, అందులో సన్నకుంచె, మసి కలిపిన చిప్ప. తిరుపతిలో మునెమ్మ సంగతి చెప్పింది గాని, బొమ్మలు ఇక్కడే ఉంటాయి, కూచొని కళ్ళు పెట్టేసి పోతానని అనుకున్నాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

"బొమ్మలు యాడుండాయి పెంచలయ్యా?" అని నన్ను అడిగాడు.

నేను కట్ట లోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాను. ఆయన నిలబడే తిరగేశాడు. కాకి, ఉడుత, గాడిద. చివరికి గుడ్లగూబ దగ్గర ఆగి, కట్టలన్నిటి వైపూ చూశాడు.

"అన్నీ ఇట్లనేనా?"

"వెయ్యి" అన్నాడు నాయుడు గల్లాపెట్టె దగ్గర్నుంచి.

"కన్ను తెరవల్యా గదప్పా!"

"శైలి కాదా?" అన్నాడు నాయుడు నా వైపు చూసి.

కుప్పయ్య నన్ను చూశాడు. "నువ్వేనా తెచ్చింది?"

"నేనే."

"మునెమ్మ సెప్పిందంట గదా."

"చెప్పింది."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. పుస్తకం మొదటికి తిప్పి తన పేరు మీద వేలు పెట్టాడు. "ఇన్ని గుడ్డి జీవాలను ఇంట్లోంచి బయటికి తోలినోడు ఈయప్ప అని పిలకాయలు చదవాలనా? మా సందులో పటాలు రాసేవాళ్ళు పదిమంది ఉండారు. కన్ను తెరవకండా పటం దాటించినోణ్ణి వాళ్ళు పంక్తిలో కూసోనియ్యరు. నాయుడూ, నా పేరు తీసేయండి."

"అచ్చయిపోయినాక యాడ తీసేది? ఆ పుట మళ్ళా వెయ్యాలంటే కాయితం ఎవురిస్తారు? కలెక్టరు దగ్గర నిలబడతావా?"

"అట్లయితే కళ్ళు పెట్టనీండి."

"వెయ్యి పుస్తకాలకా?"

"వెయ్యి."

నాయుడు వేళ్ళు మడిచాడు. పక్కకు తిరిగిన జీవాలు నాలుగు, ఎదురుగా చూసేవి నాలుగు. పుస్తకానికి పన్నెండు కళ్ళు. "పన్నెండు వేల కళ్ళు కుప్పయ్యా! ఇంద్రుడికే వెయ్యి."

"ఆయప్పకు బడి తెరిచే తేదీ లేదు" అన్నాడు కుప్పయ్య.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పుస్తకాలు బయటికి పోయేది జూన్ పదిహేడున. అప్పటిదాకా కుప్పయ్య కళ్ళు పెట్టిన ప్రతులకు ఆయన పేరు ఉంటుంది. పెట్టలేకపోయిన ప్రతుల్లో ఆ పేరు మీద తెల్ల కాగితం ముక్క అతికించాలి. అతికించే పని నాది. నా శైలికి నాయుడు ఇచ్చిన బహుమానం అది.

పద్దెనిమిది రోజులు ఆయన మా అచ్చాఫీసు వెనక వరండాలో కూచున్నాడు. తెల్లవారి బావి దగ్గర స్నానం, మధ్యాహ్నం దాకా పస్తు. ఎదురుగా ఎవరూ ఉండకూడదు గనక నేను గోడ వైపు తిరిగి కూచొని, ఆరిన పుస్తకాలు వెనక్కి చేయి చాచి అందుకొని దొంతర పెట్టేవాణ్ణి. సున్నం రాలిన ఆ గోడ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

మొదటి వంద ప్రతుల్లో కళ్ళన్నీ ఒక్కలాగే ఉన్నాయి, నెమ్మదిగా, దేవుడి కళ్ళ లాగా. అంత శాంతమైన కోతిని ఎవరూ చూసి ఉండరు. తర్వాత ఆయన చేయి వదులైంది. మనిషి ఒకే కన్ను వేల సార్లు పెట్టలేడు. ఒక ప్రతిలో కాకి రేషను ఆఫీసు గుమాస్తా లాగా పక్కచూపు చూసింది. ఇంకొకదానిలో మేకకు ఏదో జ్ఞాపకం వచ్చింది. ముంగిస ఒక్కొక్క పుస్తకంలో ఒక్కొక్క అబద్ధం ఆడింది. ఒక మధ్యాహ్నం నాయుడు దొంతర లోంచి ఒకటి తీసి చూసి, "ఈ గాడిదను యాడో సూసినట్టుండాదే" అన్నాడు. నేను గోడ వైపు తిరిగి ఉండడం ఆ ఒక్కసారి నాకు మేలు చేసింది.

"కాకికి గూడా మంచిరోజు కావాలా?" అని అడిగాను ఒకరోజు గోడతో మాట్లాడినట్టు.

"కాకి జీవం కాదా?"

"బొమ్మ గదా."

"బాతును సూసినావు గదా. పుయ్యకుండానే వచ్చి కూసునింది. వచ్చినదానికి సూపు ఇయ్యకపోతే ఎట్ల?" అన్నాడు. కాసేపటికి, "తెల్లగా ఇడిసేది వేరే, మరిసేది వేరే అబ్బా. కాయితం మీద రెండూ ఒకటిగానే కనపడతాయి. నీ తప్పు గాదులే" అన్నాడు. తప్పు నాదేనని మా ఇద్దరికీ తెలుసు.

జూన్ పదహారు సాయంత్రానికి ఆరువందల పన్నెండు పుస్తకాలకు కళ్ళు వచ్చాయి. కుప్పయ్య చూపుడువేలు వంగి అట్లాగే ఉండిపోయింది. మిగిలిన మూడువందల ఎనభై ఎనిమిదింటికి నేను జిగురు రాసి కాగితం ముక్కలు అతికించాను. ఆయన వాటివైపు చూడకుండా సంచి సర్దుకొని బస్సెక్కాడు. కళ్ళున్నవి చిత్తూరు, తిరుపతి బడులకు పోయాయి. గుడ్డివి ఎవరూ పట్టించుకోని చోట్లకు పంపమని నాయుడు చెప్పాడు. కార్వేటినగరం, సత్యవేడు వైపు బడులు ఆ లెక్కలోకి వచ్చాయి.

ఆగస్టులో బడులు తనిఖీ చేసే ఒక పెద్ద అధికారి ఎక్కడో ఒక గుడ్డి ప్రతి చూసి జాబు రాశాడు. నేత్రములు లేని జంతువులు బాలల మనస్సుకు హానికరమట. కళ్ళున్న అధికారులు చేసే హాని సంగతి ఆయన రాయలేదు. నాయుడు గడగడలాడి, ఆ పుస్తకాలన్నీ వెనక్కి తెమ్మని నన్ను కార్వేటినగరం తోలాడు.

బడి పాతకోట పక్కన రేకుల పాక. అలివేలమ్మ అనే టీచరమ్మ ఒక్కతే నలభై మందికి చెబుతోంది. నేను వచ్చిన పని చెప్పాను.

"గుడ్డి పుస్తకాలా? మా దగ్గర అట్లాంటివి లేవే" అంది.

"ఇరవై పంపినామమ్మా."

"ఇరవై ఉండాయి. అన్నిటికీ కళ్ళుండాయి" అని దొంతర తెచ్చి నా ముందు పెట్టింది.

నిజమే. బొగ్గుతో, సిరాతో, పసుపుతో, ఒకచోట నేరేడుపండుతో ఎనిమిది జీవాలకూ కళ్ళు వచ్చేశాయి. ఒక గాడిదకు మూడు. ఒక కాకికి రెప్పవెంట్రుకలు, కాటుక. ఒక పుస్తకంలో గుడ్లగూబ కళ్ళు మొహం చాలక రెండు చక్రాల్లాగా కొమ్మ మీదికి, అక్కడినుంచి అయివారి పద్యం మీదికి పోయాయి. మూడోపాదం కనపడలేదు. పుస్తకానికి అది నష్టం కాదు.

పేర్ల పుట తిప్పాను. నేను అతికించిన ముక్క లేదు. ఏ పుస్తకంలోనూ లేదు.

"ఇది ఎవరు పీకినారు?"

"అతికించిన కాయితం కనపడితే పిలకాయలు ఊరుకుంటారా? కింద ఏముండాదోనని మొదటిరోజే గోళ్ళతో గీకేసినారు. ఏదో రహస్యం అనుకుంటే ఒక పేరు వచ్చింది. కుప్పయ్య ఎవురని నన్ను పీక్కు తింటా ఉండారు. ఎవురు?"

నేను చెప్పాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె చివరికి ఆ చక్రాల గుడ్లగూబ పుస్తకం ఒక్కటి ఇచ్చి, "సూపించి మళ్ళా తెచ్చియ్యాల. గంగులమ్మ ఏడుస్తాది. రెండు రోజులు ఇంట్లో దాచిపెట్టుకొని అన్ని కళ్ళూ అదే పెట్టింది" అంది. వెనక బెంచీలో ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను దొంగను చూసినట్టు చూస్తోంది.

నాయుడికి గుడ్డి పుస్తకాలు దొరకలేదని చెప్పాను. అబద్ధం కాదు. మరుసటి ఆదివారం తిరుపతి వెళ్ళాను.

కుప్పయ్య అమ్మవారి పటానికి సుద్ద పూస్తున్నాడు. రంగుబిళ్ళల రేకు పెట్టె అటక మీదికి పోయింది. గూట్లో నేను పంపిన పేరు ముక్క లేదు. పుస్తకం చేతికిచ్చాను. ముందు తన పేరు చూశాడు. మొహం ముడుచుకుంది.

"అతికిస్తానంటివే!"

"పిల్లలు పీకేసినారు."

"కన్ను తెరవని పుస్తకమా ఇది?"

"తిప్పి చూడు."

తిప్పాడు. కాకి దగ్గర ఆగాడు. గాడిద దగ్గర ఆగాడు. గుడ్లగూబ వచ్చేసరికి పుస్తకాన్ని, ఆనాడు బాతును తీసుకుపోయినట్టు, కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. మునెమ్మ భుజం మీదినుంచి తొంగిచూసి పకపకా నవ్వింది. "మొగమంతా కళ్ళే! నువ్వు ముప్ఫై అయిదేండ్లు పెట్టినా ఒక దేవుడన్నా ఇట్ల సూసినాడా?"

"నోరు ముయ్యి" అన్నాడు గాని కోపంగా అనలేదు. "ఎవురు పెట్టినారు?"

"కార్వేటినగరంలో ఒక పిల్ల. గంగులమ్మ."

"ఎప్పుడు పెట్టింది?"

"జూన్ నెలాఖరులో."

ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. "మూఢం లేదు" అన్నాడు తనలో తాను. "ఎదురుగా ఎవురూ లేకుండానేనా?"

"ఇంట్లో దాచుకొని పెట్టిందట."

కుప్పయ్య సుద్దచిప్ప పక్కకు జరిపాడు. తర్వాత అటక మీదినుంచి రేకు పెట్టె దింపమన్నాడు. చిప్పలో నీళ్ళు పోసి, సన్నకుంచె తడిపాడు. గుడ్లగూబ కన్ను దిద్దబోతున్నాడని నాకు భయం వేసింది. ఆయన ఆ పుట ముట్టలేదు. పేర్ల పుట తీసి, తన పేరు కింద, నేను అచ్చొత్తిన అక్షరాలంత గుండ్రంగా, నీలపు నీటిరంగుతో రాశాడు: "కళ్ళు: కార్వేటినగరం గంగులమ్మ".

"దీన్ని ఆ పిల్లకు ఇచ్చిరా" అన్నాడు. "తడి ఆరేదాకా మూయొద్దు. నువ్వు సదువుకున్నోడివి, సెప్పి పెడతా ఉండా."

బొగ్గుతో నడిచే బస్సులో పుస్తకం తెరిచి ఒళ్ళో పెట్టుకొని కూచున్నాను. పుత్తూరు దగ్గర బస్సు ఆగిపోతే అందరూ దిగి తోశారు. నేను దిగలేదని కండక్టరు ఒక మాట అన్నాడు. పక్కన గొర్రెలు మేపుకునే ముసలాయన గుడ్లగూబను చూపించమని అడిగాడు. చూపించాను.

"అబ్బా, ఏమి సూపురా దీనిది! ఎవురు రాసినారు?"

"అక్కడ రాసి ఉంది" అన్నాను.

"నాకు సదువు రాదు నాయనా."

పేర్ల పుటకు తిప్పి, రెండు పేర్లూ చదివి వినిపించాను.